రత్నం అంకుల్ ఇంజన్ చల్లారేదాకా

నిన్న పొద్దున ఉప్పల్ మెట్రో మెట్లు ఎక్కుతుంటే అమ్మ ఫోన్ చేసింది.

"రత్నం అంకుల్ పోయిండే. గుండె ఆగిందట. ఇంటికొచ్చెయ్."

"ఇంజన్ నడుస్తుండగానా?" అని అడిగాను.

"మంచంలనే పోయిండు" అంది.

ఎవరైనా పోయారంటే ముందు అడగాల్సిన ప్రశ్న అది కాదు. కానీ నా నోట్లోంచి వచ్చింది అదే.

అంకుల్ తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. నాచారంలో మేము అద్దెకుండే ఇల్లు ఆయనది. ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ అటెండెంట్‌గా చేసి రిటైరయ్యారు. ఆ ఏడాదే ఎవరి చేతో విదేశం నుంచి ఒక ఆవిరి రైలింజన్ తెప్పించుకున్నారు. మూరెడు పొడవు. చూడ్డానికి బొమ్మే. కానీ లోపల నిజమైన బాయిలర్, నిజమైన మంట. బ్యూటేన్ గ్యాస్‌తో నడుస్తుంది.

ఆయన భార్య సుగుణ ఆంటీ ఆ ఏడాది అడిగింది వాషింగ్ మెషీన్.

డాబా మీద చెక్క పలకలు పరిచి, వాటి మీద గుండ్రంగా పట్టాలు వేసుకున్నారు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే పైకెక్కేవారు. ఆంటీ మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. "అన్నం సల్లారుతున్నది" అని కింది నుంచే కేక వేసేది.

నేను పోయినేడు నుంచి ఎక్కుతున్నాను. మొదటి రెండు నెలలు చెయ్యి వేయనివ్వలేదు. ఉత్తగా చూడమన్నారు.

ముందు నూనె. తర్వాత సిరంజితో కొలిచి నీళ్లు. చివర గ్యాస్. అదీ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, దగ్గర్లో ఏ మంటా లేనప్పుడు. నింపాక వెంటనే అంటించేవారు కాదు. చేతులు కట్టుకుని కూర్చునేవారు.

"ఇంకా ఎందుకాగాలి అంకుల్?"

"నింపేటప్పుడు జర కారుతది బిడ్డా. కంటికి కనవడదు. గాలి కన్నా బరువు గదా, నేల మీదనే కూసుంటది. దాన్ని పోనీ."

ఆవిరి ఎక్కువైతే బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్‌కు తెలుగు మాట ఏమిటని ఒకసారి అడిగారు. అప్పుడే కొత్త మాటల పిచ్చి పట్టిన దాన్ని. రాత్రంతా నిఘంటువు తిరగేసి "రక్షణ కవాటం" అని తెచ్చాను.

ఆయన చాలాసేపు నవ్వారు. "గంత పెద్ద పేరు పెడితే అది బుగులువడి తెరుసుకోదు. ఫ్యాక్టరీల మేము సుయ్ అనుకునేటోళ్లం. సుయ్ అన్నదంటే బతికున్నట్టు. ప్రెషర్ మీటర్ల ముల్లు ఎర్ర గీత దాటినా అనలేదంటే గ్యాస్ బందు పెట్టు, దూరం జరుగు."

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి.

ఒక ఆదివారం గ్యాస్ అయిపోయి ఇంజన్ ఆగింది. ఇంకో నాలుగు రౌండ్లు చూడాలని గ్యాస్ క్యాన్ అందుకున్నాను. అంకుల్ నా మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా.

"నీళ్లు సూసినవా?"

"నిండా పోశాం కదా అంకుల్."

"గ్యాస్ అయిపోయేసరికి కొన్ని నీళ్లు మిగలాలె. కొలత గట్ల పెట్టిన్రు. మళ్ల గ్యాసొక్కటే నింపితే మంట ఉంటది, నీళ్లుండయి. ఒట్టి బాయిలర్ కాలుతది. పైంగ అది ఇంకా సలసల మంటున్నది."

తర్వాత టీ తాగుతూ, "మా ఫ్యాక్టరీల ఒకాయన నీళ్లు సూసుడు మర్సిండు" అన్నారు. ఆయనకేమైందో చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ రోజు నుంచి గేటు దగ్గర కనిపించినా ఆయన పలకరింపు అదే. "నీళ్లు సూసినవా?"

ఈ రోజు పొద్దున అంకుల్‌ను ఉంచిన ఫ్రీజర్ బాక్స్ చుట్టూ కొవ్వొత్తులు వెలిగించారు. పైన షామియానా గుడ్డ, కింద పిల్లలు. అంకుల్ తమ్ముడు శాంతయ్య కాక ఇంజన్ తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు.

"అన్నకు పానం ఇది. ఒక్కసారి నడిపియ్యి బిడ్డా. నీకొక్కదానికే వస్తది."

"ఇక్కడ వద్దు కాకా. గ్యాస్ నింపాలి. చుట్టూ కొవ్వొత్తులున్నాయి."

"ఆడుకునే బొమ్మకు గింత కథేంది?"

అప్పుడు ఆంటీ నోరు విప్పింది. "కింది నుంచి ఇన్నుడే గానీ దగ్గరుండి ఎన్నడు ఇనలేదు. మట్టికి తీస్కపోయే ముందు ఒక్కసారి ఇనిపియ్యవే."

అందరూ నన్నే చూస్తున్నారు. ఆ పెట్టెలో ఉన్నాయన లేచి చెప్పగలిగితే ఏమంటారో నాకు తెలుసు.

"వద్దు ఆంటీ" అన్నాను.

ఆంటీ మొహం పక్కకు తిప్పుకుంది. నాకు ఇష్టమైన మాటలు నోట్‌బుక్ నిండా ఉన్నాయి. ఇంత బరువైన మాట అందులో ఒక్కటీ లేదు.

మూడింటికి సమాధి చేశారు.

ఐదు దాటాక డాబా మీద ఇంజన్ తుడుస్తూ కూర్చున్నాను. మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఆంటీ. మోకాలి మీద చెయ్యేసుకుంటూ పైకొచ్చింది.

"ఇప్పుడు కొవ్వొత్తులు లేవు గదా" అంది.

నూనె. నీళ్లు. గ్యాస్. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"ఇంకేంది, అంటియ్యి."

"కారిన గ్యాస్ పోవాలి ఆంటీ."

ఆంటీ ఇంజన్ పక్కన కూర్చుంది. "గిందుకా ఆదివారం అన్నం సల్లారేది."

మొహం పక్కకు పెట్టి, పొగగొట్టం దగ్గర లైటర్ చూపించాను. పుట్‌మని అంటుకుంది. ముల్లు ఎక్కింది. సుయ్ అంది. నడిపించాను. ఆంటీ ఒక్కో రౌండూ కళ్లతో వెంట తిరిగింది.

గ్యాస్ అయిపోయి ఇంజన్ ఆగింది. ఆంటీ లేవబోయింది.

"అప్పుడే వద్దు ఆంటీ. ముల్లు సున్నాకు రావాలి. చల్లారేదాకా వదిలిపెట్టి పోవద్దనేవారు అంకుల్."

ముల్లు మెల్లగా దిగింది. ఆంటీ చెయ్యి తిరగేసి, బాయిలర్‌కు ఆనీ ఆనకుండా పెట్టింది.

"ఇంకా ఎచ్చగనే ఉన్నది" అని మళ్లీ కూర్చుంది.

వెళ్లి రండి అంకుల్. నీళ్లు చూశాను. మీ డ్యూటీ అయిపోయింది, ఇక ఫికర్ లేకుండా పడుకోండి.