పైనుంచి చూసిన మేనత్త ఇల్లు

కొత్త నౌకరి అచ్చిన గా దినాలల్ల మనిషికి తన కండ్లకన్న కంప్యూటర్ మీదనే నమ్మకం ఎక్కువుంటది. నాకైతే మరీ ఎక్కువ. జగిత్యాలల ఆరోగ్య శాఖ ఆఫీసుల నా పనేందంటే, జిల్లాల ఎవలకు డెంగీ అచ్చినా వాళ్ల ఇంటిని శాటిలైట్ మ్యాపుల ఎర్ర చుక్కగ చూపిచ్చుడు. చుక్కలు గుంపుగున్న కాడికి దోమల మందు బండి పోతది. (పని లేనప్పుడు గదే మ్యాపుల కోరుట్లకు పోయి, మా మేనత్త ఇంటి మీది గులాబి రంగు నీళ్ల ట్యాంకును చూసుకుంట కూసునేటోన్ని. మేనత్త బిడ్డను నాకిచ్చుడని చిన్నప్పటి సంది అనుకున్నదే. "మీ ఇల్లు చూస్తున్న" అని మరదలికి ఫోన్ల గొప్పగ చెప్పెటోన్ని గూడ.)

ఓ వానకాలం మీటింగుల పెద్ద సారు తెర మీద కోరుట్ల మ్యాపు పెట్టిచ్చిండు. ఒక్క ఇంటి మీద చుక్కలే చుక్కలు. "గిదెవలి ఇల్లయ్యా?" అన్నడు. గా ట్యాంకును చూసిన ఖుషీల నా నోరు ఊకుంటదా! "నాకెరుకే సార్, మా మేనత్తది!" అన్న. "అయితే నువ్వే జీబెక్కి తొవ్వ చూపియ్యి" అన్నడు.

పోయినం. ఇంటి నిండ దోమల మందు పొగ, ముంగట వాడంత జమ. కుండీలన్ని బోర్లిచ్చి చూసినా ఒక్క దోమ పురుగు దొరకలే. గప్పుడు వాడల రోగుల లెక్క ఫోన్ల ఎక్కిచ్చే ఆశా అక్క అసలు ముచ్చట చెప్పింది. "వాడల సిగ్నల్ రాదు తమ్మీ. మీ అత్త ఇంటి ముంగటి గద్దె మీద కూసుంటే మంచిగస్తది, ఛాయ్ గూడ పోస్తది. రోగులందరి పేర్లు గీన్నే కూసోని ఎక్కిస్తం." ఫోనేమో తానున్న జాగనే రోగి ఇల్లని రాసుకున్నది.

మేనత్త దగ్గుకుంట బయటికచ్చింది. "నా ఇంటిని రోగాల కొంపని ఊరంత చాటినవ్ గదరా! నా బిడ్డను నీకెట్ల ఇయ్యాలె?" మరదలు గడపల నిలవడి మెల్లగ అన్నది. "పైనుంచి గంతగనం చూసెటోనివి బావా, ఒక్క ఫోన్ చేసి అడగకపోతివి." ఆమెను సిరిసిల్లల బట్టనేసే సాంచాలోళ్లింట్ల ఇచ్చిన్రు. పెండ్లిల వడ్డించిందిగూడ నేనే, ఏడుపాపుకుంట.

ఇప్పుడు నా బదిలి గూడ సిరిసిల్లకే అయ్యింది. వానలు పడంగనే మ్యాపు తెరిచి, ముందుగాల ఆమె ఇంటి రేకుల మీదనే చూస్త. మొన్న గాడ చుక్కలు కనవడ్డయి. ఈసారి చూసుకుంట కూసోలే, వెంటనే ఫోన్ చేసిన.

"మేమంత మంచిగనే ఉన్నం బావా. ఈడి ఆశా అక్క గూడ మా ఇంట్లనే కూసోని ఛాయ్ తాగుతున్నది" అని నవ్వింది. నేను గూడ నవ్విన. గీ ఫోనేదో గప్పుడే చేస్తే ఏం పోయేదిరా నీకు, అనుకున్న.