బావ వెనుక పాడిన ఆడోళ్ళు

ఆ రోజుల్ల నాకు అన్నీ తెలుసనుకునేటోన్ని. (తెల్వదని తెలిసినంకనే కొంచెం నిమ్మలంగున్న.) కోరుట్లల ఒక పాటల రికార్డింగ్ స్టూడియోల కొత్తగ పనికి చేరి, కంప్యూటర్ల పెట్టి పాటలకెల్లి గొంతు తీసేసుడు నేర్చుకున్న. మ్యూజిక్ ఒక్కటే మిగులుతది, దాని మీద ఎవలైనా పాడుకోవచ్చు. దాన్నే కరోకే ట్రాక్ అంటరు. మా బావ దుబాయిల లారీ నడుపుతడు. సెలవు దినం దోస్తుల నడుమ పాడుడంటే పానం. "బామ్మర్దీ, ఒక ప్రేమ పాట ట్రాక్ పంపురా, మీ అక్క కోసం పాడాలె" అన్నడు. మొగ గొంతు తీసేసిన గని, వెనుక ఆడోళ్ళు తీసే "ఓహో, ఆహా" కోరస్ అట్లనే ఉంచిన. పాట నిండుగుంటదని నా తెలివి.

బావ పాడిన వీడియో చూసి, ఇబ్రహీంపట్నంల అత్తగారింట్ల ఉన్న అక్క ఫోన్ చేసింది. తిన్నవా లేదు, మంచిగున్నవా లేదు. "గా ఆడోళ్ళెవర్రా?"

"ఏ ఆడోళ్ళక్కా?"

"మీ బావ వెనుక పాడుతున్నోళ్ళు! వీడియోల కనపడకుంట ఎక్కడ దాసిండు?"

అది పాటలనే ఉంటదక్కా అని ఎంత జెప్పినా ఇనలె. "నీకు సెంటు సీసాలు తెస్తడు గద, నువ్వు గట్లనే అంటవ్" అని పెట్టేసింది. ఆనాటి సంది అక్క బావ ఫోనే ఎత్తుతలేదు.

సరే అని ఆడోళ్ళను మొత్తం తీసేసి ఇంకో ట్రాక్ పంపిన. ఇప్పుడు బావ మొదలువెట్టిండు. "ఏం జేసినవ్రా? వాళ్ళు ఆహా అని ఆపంగనే నేను అందుకునేటోన్ని. ఇప్పుడు ఎక్కడ ఎత్తుకోవాల్నో తెలుస్తలేదు, అందరు నవ్వుతున్రు!" ఉంచితె అక్క, తీస్తె బావ. ఆలోచించి ఆలోచించి, కోరస్ సౌండ్ సగానికి తగ్గించి పంపిన. బావ పాడి పంపిన పాట ఇని అక్క, "ఏందిరా, ఇప్పుడు అవుతలి అర్రల కూసోని పాడుతున్రా?" అన్నది. దాంతోని ఆడోళ్ళను మళ్ళ మొత్తం తీసేసి పంపిన.

ఆఖరుకు అక్కనే బస్సెక్కి కోరుట్లకచ్చింది. కంప్యూటర్ ముంగట కూసోవెట్టి కోరస్ తీసి ఇనిపిచ్చిన, పెట్టి ఇనిపిచ్చిన. "చూడక్కా, బావ లేకున్నా వీళ్ళు పాడుతనే ఉంటరు" అన్న. అక్క మొఖం కొంచెం తేటవడ్డది. అప్పుడే బావ ఫోన్. స్పీకర్ల పెడితి. "బామ్మర్దీ, గా ఆడోళ్ళను మళ్ళ పంపురా! వాళ్ళు లేకుంటే నాతోని కాదు!"

అక్క ఫోన్ గుంజుకున్నది. "ఎవలద్దు. ఎక్కడ ఎత్తుకోవాల్నో నేను జెప్త" అని మైకు ముంగట నిలవడ్డది. ఆ ఆడోళ్ళ జాగల అక్క గొంతు రికార్డు చేసుడు మొదలువెట్టిన.

శృతి ఒక దిక్కు, అక్క ఒక దిక్కు. రెండో "ఆహా" కాడ ఆపుకోలేక నవ్వింది. ఆ నవ్వు తీసేస్తనంటె ఫోన్ల ఉన్న బావ ఒక్కటే మాటన్నడు. "తీసి చూడు, నీ సంగతి జెప్త."

బావ ఇప్పటికీ ఆ ట్రాక్ మీదనే పాడుతడు. ఆనాడు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకోని, అక్క నవ్వును కంప్యూటర్ తెర మీద చూసుకుంట, శృతి తప్పిన దాంట్ల అంత గొప్పేమున్నదని పరేషానైన పోరడు యాదికస్తె నవ్వస్తది. పాపం, వానికి అప్పటికింకా పెండ్లి గాలె.