చేతిలో చెప్పులు

చేవెళ్ల కోర్టులో ముప్పై ఏళ్లుగా లాయరుగా ఉన్నాను. అబద్ధం వింటే ఒళ్లు మండే వయసు ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు వింటే ఆవలింతలొస్తాయి. కానీ ఈ కేసులో అవతలివాళ్లు వేసిన జవాబు కాగితం చదివిన రోజు చాయ్ గ్లాసు చేతిలో అట్లాగే చల్లారిపోయింది.

మొయినాబాద్ మండలంలో ఒక ఊరు. ఊరి చివర పది గుంటల బొందలగడ్డ, దళితవాడ వాళ్లకు పావెకరం శ్మశానం. పాత దొర మనవడు చుట్టూ వెంచరు వేసి, ఆ పది గుంటలూ ప్లాట్లలో కలిపేసుకున్నాడు. వాడవాళ్లు నా ద్వారా దావా వేశారు. వాళ్లకు మిగిలిన సాక్షి ఒక్క అవ్వే, ఎనభై అయిదు దాటిన మనిషి. అక్కడి బొందల్లో ఒకటి ఆమె అన్న సమాధి.

నిజాం కాలంలో ఆ అన్న దొర గడీలో అందరికీ చెప్పులు కుట్టేవాడు. వెట్టి కాబట్టి కూలి లేదు. ఒకనాడు తను కుట్టిన కొత్త జత తనే తొడుక్కుని గడీ ముందు నుంచి నడిచాడు. వాడవాళ్లు అక్కడ చెప్పులు చేతపట్టుకుని నడవాలి. దొర మనుషులు గుంజకు కట్టి కొట్టారు. మూడోనాడు ప్రాణం పోయింది. అవ్వకప్పుడు ఎనిమిదేళ్లు.

దొర మనవడి జవాబులో ఏముందంటే: మా ఊళ్లో వెట్టి ఎన్నడూ లేదు. అందరూ ప్రేమతో పనిచేసేవారు. సదరు వ్యక్తి జ్వరంతో చనిపోయాడు. అక్కడ బొందే లేదు.

ప్రేమతోనట!

అవ్వకు మాత్రం గుంటల లెక్క పట్టలేదు. "జాగ సంగతి వాడోళ్లు చూస్కుంటరు బిడ్డా. మా అన్న జెరమొచ్చి సావలేదని కాయితం మీద రాపియ్యి. నాకు గంతే గావాలె," అంది. సరేనన్నాను. అనడానికేముంది, నోటి మాట.

మొదటి వాయిదాకు వచ్చినప్పుడే చూశాను. కోర్టు హాల్లోకి దొర మనవడు అడుగుపెట్టగానే అవ్వ బెంచీ మీంచి లేచి, అరిగిపోయిన హవాయి చెప్పులు విప్పి చేత పట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. బయటికి తీసుకొచ్చి తిట్టాను. "నువ్వే గిట్ల చేస్తే ఎట్లవ్వా? తొడుక్కొని ధీమాగ నిలవడాలె. వాళ్లు నవ్వరా?" బస్టాండు దగ్గర కొత్త జత కొనిచ్చాను. చిన్నపిల్లలా తలూపింది. తర్వాతి వాయిదాకు కొత్త చెప్పులూ చేతిలోకే వచ్చాయి. మళ్లీ తిట్టాను. ఆపై వాయిదాకూ అదే తంతు. జడ్జి సెలవు, అవతలి లాయరుకు వేరే కేసు, మా వాళ్లలో ఒకరికి దవాఖాన. అట్లా ఏడాదిన్నర గడిచింది. ఈ ముసలామె సాక్ష్యం చెప్పకుండానే పోతుందేమోనని భయం పట్టుకుంది.

చివరికి ఆమెను బోనెక్కించిన రోజు అవతలి లాయరు హుషారుగా ఉన్నాడు. సిటీ నుంచి వచ్చిన కుర్ర లాయరు, గొంతు పెద్దది. వెట్టి నువ్వు చూడలేదు, ఎవరో చెప్తే విన్నావు, మీ అన్నకు జ్వరం వచ్చింది, అని వరసగా వేశాడు. అవ్వ ప్రతిదానికీ "కాదు సారు" అంది. గొంతు సన్నగిల్లుతోంది. కాగితం మీద ఆ 'కాదు'ల బరువెంతో నాకు తెలుసు. కేసు జారిపోతోందనిపించింది.

అంతలో అతని కళ్లు ఆమె చేతి మీద పడ్డాయి. కొంగు చాటున చెప్పుల జత. ఎన్నిసార్లు చెప్పానీ మనిషికి!

అతను నావైపు చూసి నవ్వాడు. "ఈ డ్రామా ఎవరు నేర్పిన్రవ్వా? చెప్పులు చేత వట్టుకొమ్మని మీ లాయరమ్మ చెప్పిందా?"

"అయ్యో, ఆమె తొడుక్కొమ్మనే తిడుతది సారు. మూడుసార్లు తిట్టింది. గీ జత ఆమె కొనిచ్చిందే."

"మరి తొడుక్కోవెందుకు?"

అవ్వ బెంచీ మీద కూర్చున్న మనవడి వైపు తల తిప్పింది. తిప్పి వెంటనే దించేసుకుంది. "దొర గూసున్నడు గద. దొర ముంగట తొడుక్కున్నందుకే మా అన్న పాయె."

జడ్జి గారు పెన్ను కింద పెట్టి, "తొడుక్కో అవ్వా. ఇది కోర్టు. ఇక్కడ నిన్నెవరూ ఏమనరు," అన్నారు.

"ఆయన వొయినంక తొడుక్కుంట సారు."

ఆ ప్రశ్నలూ జవాబులూ పొల్లుపోకుండా ఎక్కించమని జడ్జి గారు టైపిస్టుకు చెప్పారు. ఆ టకటక వింటుంటే నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్ల ప్రాక్టీసు పెట్టుకుని, ఏడాదిన్నరగా నేను ఆ సాక్ష్యాన్ని ఆమె చేతిలోంచి లాగేయాలని చూశాను. నా మాట విని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నీరసమొస్తుంది.

వేలిముద్ర వేసి బయటికొచ్చాక అడిగింది. "రాసిన్రా బిడ్డా?"

"రాసిన్రవ్వా."

"జెరమని రాయలే గద?"

"నువ్వు చెప్పిందే రాసిన్రు."

తీర్పు రాలేదు. ఇంకో వాయిదా పడింది, ఆ తర్వాత ఇంకోటి. పది గుంటలూ ఏమవుతాయో నాకైతే తెలియదు. ఆ రోజు మాత్రం గేటు దగ్గర ఇద్దరం నిలబడ్డాం. మనవడి కారు మొయినాబాద్ రోడ్డెక్కి కనబడకుండా పోయేదాకా ఆమె కదల్లేదు. అప్పుడు చెప్పులు నేల మీద పెట్టి, నా భుజం పట్టుకుని ఒక్కో కాలూ దూర్చింది. నాలుగడుగులు వేసి ఆగింది.

"కరుస్తున్నయ్ బిడ్డా," అంది. "మా అన్న కుట్టినయి ఎవ్వల కాలూ కరిచేటియి కావు."