గెంతడానికి పనికిరాని పాటలు

మొన్న నా ఫోను ఛార్జింగు ఎక్కడం మానేస్తే మెయిన్‌రోడ్డు మీద రిపేరు కొట్టుకి పట్టుకెళ్ళాను. కొత్తది కొనుక్కోమని మనవరాలు ఒకటే పోరు. చిన్న పిన్ను వదులైందని ఫోను మొత్తం పారేసే అలవాటు నాకు లేదు. కొట్టతను వెనక మూత ఊడదీసి, కాలిన కడ్డీని సీసపు తీగకి ఆనించాడు. సన్నటి తెల్లపొగ లేచింది. గుగ్గిలం పొగలో కాస్త చేదు కలిపినట్టుంటుంది ఆ వాసన. అది ముక్కుకి తగిలేసరికి నేను వచ్చిన పని మరిచిపోయాను. ఒకప్పుడు ఆ వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చేది. పక్కింటి పద్మ మధ్యాహ్నం పూట పాత యాంప్లిఫయర్లు ఊడదీసి కూర్చుందంటే, ఆవేళ మా చారుకి కూడా ఆ వాసనే పట్టేది.

పద్మని ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. వాళ్ళ నాన్నకి మైకుసెట్టు షాపు ఉండేది. పెళ్ళిళ్ళకీ, జాతరలకీ, ఎన్నికల మీటింగులకీ మైకులు, బాక్సులు అద్దెకిచ్చేవాడు. ఆయన పోయాక షాపు పద్మ చేతికొచ్చింది. చీర కొంగు నడుముకి బిగించి, చెవి వెనక టెస్టరు పెట్టుకుని, నిచ్చెనెక్కి తనే బాక్సులు కట్టేది. వీధిలో ఆడవాళ్ళు మూతులు తిప్పుకునేవారు. వాళ్ళ మాట ఆమెకి వినిపించేది కాదో, వినిపించినా అక్కర్లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెకి కీబోర్డు వచ్చు. తమ్ముడు శీను ఎలక్ట్రిక్ పాడ్లు వాయించేవాడు. కర్రతో కొడితే డప్పు, డోలు, ఏది కావాలంటే అది మోగే పలకలన్నమాట.

రెండు వేల పదో సంవత్సరం వచ్చిన కొత్తల్లో, ఒక జాతరలో నాటకం వాళ్ళ వ్యాను దారిలో ఆగిపోయింది. జనం గోల మొదలెట్టారు. మైకులు కట్టడానికి వెళ్ళిన అక్కాతమ్ముళ్ళే స్టేజీ ఎక్కారు. పద్మ అమ్మవారి పాటల వరసలు కీబోర్డు మీద ఎత్తితే, వాటి కింద శీను దెబ్బ వేశాడు. ముసలివాళ్ళు కూడా గెంతారట. నేను వెళ్ళలేదు, చెప్పగా విన్నాను. ఆ గుంపులో విశాఖపట్నం నుంచి వచ్చిన సీడీల కంపెనీ ఆయన ఉన్నాడు. అలా వచ్చింది మొదటి సీడీ. ఆ ఏడాది అనకాపల్లిలో ఆటో ఎక్కితే అదే. బెల్లం మార్కెట్టుకి లోడు తెచ్చిన ట్రాక్టరులో అదే. పెళ్ళికొడుకు ఊరేగింపులో అదే. మా ఇంట్లో అయితే గోడ అవతల రోజూ అదే, సాధన పేరుతో.

చీపురుకర్రతో గోడ మీద కొట్టేదాన్ని. "ఒసే పద్మా! నీ వాయింపుకి గోడ సున్నం రాలిపోతందే. మళ్ళీ నువ్వేయిత్తావేటి?"

"రాలనీ మామ్మా! ఊరికినే సున్నం ఎయ్యాలంటే నీకు సెయ్యి రాదు. ఈ వొంకనైనా ఏయిద్దువు గాని!"

నాతో అలా మాట్లాడే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. పిల్లలు నా అడుగు చప్పుడుకే పుస్తకాలు తీసేవారు. గట్టిగా తిట్టాలని నోరు తెరిచి నవ్వేశాను. అప్పటినుంచి ఆ పిల్ల మీద నాకొక కన్ను ఉండేది.

మొదటిది అంత ఆడాక కంపెనీ ఆయన ఊరుకుంటాడా? వచ్చే జాతరల నాటికి రెండోది కావాలన్నాడు. శీనుకి ఆ సీడీ మీదే ప్రాణం. అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పని చూసిపెట్టాడు వాళ్ళ మామయ్య. రెండో సీడీ ఆడిందా, పాడ్లే బతుకు. ఆడలేదా, మెళ్ళో గుర్తింపుకార్డు వేసుకుని కంపెనీ బస్సెక్కడమే. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు. "నన్నా బస్సెక్కించకే అక్కా" అని నా ఎదురుగానే ఒకసారి అన్నాడు, నవ్వుతూనే అన్నాడు గానీ కళ్ళు నవ్వలేదు.

ఎండలు ముదరకముందే పాటలు తయారయ్యాయి. ఒక సాయంత్రం పద్మ నన్ను పిలిచి, కంప్యూటరు ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మొదటి పాట అయింది. రెండోది సగంలో ఉండగా నేను లేచాను.

"పాతవన్నీ నాకొచ్చేసినాయే. కొత్తది పెట్టు."

"ఇది కొత్తదే మామ్మా" అంది పద్మ.

శీనుకి మండింది. "మామ్మా, నీకు సెవులు పోయేయి."

"పోతే నీ పాపమేరా! ఏడాది బట్టి గోడవతల బాదింది నువ్వు కాదేటి?"

వాడు ఏదో అనబోతే పద్మ చెయ్యి అడ్డం పెట్టింది. "మామ్మని ఎందుకు పిలిసేననుకున్నావురా? ఊళ్ళో ఎవల్ని పిలిసినా బాగుందనే అంటారు. ఈవిడ ఊరికినే అనదు." నా వైపు తిరిగి, "కానీ మామ్మా, సగంలో లెగిసిపోతే కుదరదు. కూకో. ఆఖరిదాకా ఇను. అప్పుడు తిట్టు" అంది.

సగం వినే తీర్పు చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ రోజు మాత్రం నోరు కట్టేసుకుని చివరిదాకా విన్నాను. కష్టమైంది. మధ్యలో ఒకచోట బాగున్నట్టే అనిపించింది కూడా. అంతా అయ్యాక చెప్పాను: "దెబ్బ మారింది, పేరు మారింది. పాట అదే పాటే పిల్లా. నిన్న అన్నంలో ఇయ్యాల కొత్త తాలింపు."

పద్మ తెర వైపు తిరిగింది. తరవాత ఒక్కొక్క పాటా చెరిపేయడం మొదలెట్టింది. శీను విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. చిరిగిన చీరతో బొంతలు కుట్టుకునేదాన్ని, కళ్ళెదురుగా అన్ని వారాల కష్టం పోతుంటే చూడగలనా? "ఉంచవే! ఒక మూల పడుంటాది, దేనికైనా పనికొత్తాది" అన్నాను.

"ఉంచితే అదే ఇచ్చేత్తాను మామ్మా. నా సంగతి నాకు తెలీదా?"

ఉన్నదాన్ని జాగ్రత్త చెయ్యడమే నాకు తెలుసు. ఉంటే దాని మీదే ఆనుకుంటానని భయపడి వదిలించుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు వచ్చి, "నీకు బాగా తెలిసిన చప్పుడేది మామ్మా?" అని అడిగింది. పాటలు నాకేం తెలుసు? మూడో తరగతిలో బడి మానిపించి చెరకుతోటలోకి పంపారు. పెళ్ళయ్యాక బెల్లం వండే పెనం దగ్గర నిలబడ్డాను. "పాకం ఉడికే చప్పుడు" అన్నాను. మొదట నీళ్ళలా గలగలమంటుందనీ, తరవాత నురగ పొంగి మెత్తబడుతుందనీ, చివరికొచ్చేసరికి ఒక్కొక్క బుడగా బరువుగా లేచి తప్‌మని పగులుతుందనీ, ఆ కాసేపూ మా మామగారు ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కాదనీ చెప్పాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

ఎలమంచిలి దారిలో మా అత్తవారి ఊరు. అక్కడ మా మరిది అప్పలనాయుడు ఇంకా గానుగ ఆడిస్తున్నాడు. పద్మని వెంటబెట్టుకుని వెళ్ళగానే అలవాటు ప్రకారం ముందు చెరకురసం చేతికిచ్చాకే సంగతి అడిగాడు. పద్మ చిన్న రికార్డరు పట్టుకుని పెనం చుట్టూ తిరిగింది. గానుగ ఇంజను, పిప్పి పొయ్యిలో వేస్తే వచ్చే చిటపట, తెడ్డు పెనం అడుగుని రాసే చప్పుడు, అన్నీ పట్టింది. పాకం చివరికొచ్చింది. అందరం నోళ్ళు మూసుకున్నాం. బుడగలు తప్, తప్ మంటున్నాయి. పెనం దించమని మా మరిది చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడు పద్మ రికార్డరు మీంచి కళ్ళు తియ్యకుండా, ఆగమన్నట్టు చెయ్యి చూపించింది. ఎవరి మాటా వినని మా మరిది, తన పెనం పాటలోకి ఎక్కుతోందన్న మురిపెంలో ఆగాడు. పాకానికి ఆ మురిపెం తెలియదు కదా. ముదిరిపోయింది.

బెల్లం దిమ్మలు నల్లగా, రాళ్ళలా వచ్చాయి. మా మరిది నెత్తి పట్టుకున్నాడు. "వొదినా, పాట కోసం పెనం మాడ్సుకున్నోడెవడ్రా అంటే ఇంక మూడు మండలాలోళ్ళూ నన్నే సూపిత్తారు!"

నాకు ఒళ్ళు మండింది. తిట్టడానికి పద్మ వైపు తిరిగితే, ఆమె అప్పటికే ఆయన ముందు నిలబడి, "తప్పు నాది బాబాయ్. రేపొచ్చి పొయ్యి కాడ పని సేత్తాను" అంటోంది. ఊరికే అన్నమాటనుకున్నాం. మర్నాడు మొదటి బస్సుకి దిగింది. పొద్దుపోయేదాకా పొయ్యిలోకి పిప్పి ఎగదోసింది. సాయంత్రం అరచేతులు చూస్తే గీరుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

"ఆ సేతులు వాయించుకోడానికి కావాలి కదే" అన్నాను.

"మాడ్సిన సేతులూ ఇయ్యే కదా మామ్మా."

ఆ నల్లబెల్లాన్ని నేను ఇంటికి తెచ్చుకుని, సుత్తితో కొట్టి, ఏడాదంతా వాడాను. పద్మ ఆ చప్పుళ్ళు తెచ్చుకుని కొత్త సీడీ చేసింది. శీను అలిగినా అక్క పిలిస్తే రాకుండా ఉండలేకపోయాడు. పాడ్ల మీద డప్పు తీసేసి బుడగ చప్పుడు పెట్టారు. దాని మీద కీబోర్డు, పొలం గట్టు మీద ఒంటరిగా నడిచే మనిషిలా, తొందర లేకుండా పోతుంది. మాటలు లేవు. నన్ను కూర్చోబెట్టి వినిపించింది. ఈసారి నేను లేవలేదు. అయిపోయాక "ఇది నాను ఇన్లేదు ఇంతకుముందు" అన్నాను. ఆమెకి అది చాలింది.

కంపెనీ ఆయనకి చాల్లేదు. "బాగానే ఉందమ్మా. దీనికెవరు గెంతుతారు?" అన్నాడు.

"గెంతడానికి మొదటిది ఉంది కదండీ" అంది పద్మ.

ఏవో కొద్ది కాపీలు వేశాడు. ఆ జాతరల్లో వేరేవాళ్ళ సీడీ మోగింది. పద్మ వాళ్ళవి షాపులో అట్టపెట్టెలో ఉండిపోయాయి. వానలు పడేసరికి శీను మెళ్ళో కార్డు వేసుకుని అచ్యుతాపురం బస్సెక్కాడు. వెళ్తూ వెళ్తూ మా గుమ్మం దగ్గర ఆగి, "నీ సెవి బాగానే ఉంది మామ్మా. నా నోట్లోనే మన్ను పడింది" అన్నాడు. అక్కతో మాట్లాడడం మానేశాడు. గోడ అవతల అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. నేను కోరుకున్నది అదే అయినా, నిద్రపట్టేది కాదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "పాతదే ఇచ్చేత్తే పోయేది కాదేటే? తమ్ముడు నీ కాడే ఉండేవోడు."

ఆమె ఏదో బాక్సుకి తీగ అతుకుతోంది. తలెత్తలేదు. "ఉండేవోడు మామ్మా. మూడోదీ అలాగే సెయ్యమందురు. నాలుగోదీ అలాగే. అప్పుడు మాకూ ఆ మందుల కంపెనీకీ తేడా ఏటి? ఆడా పొద్దస్తమానం ఒకే బిళ్ళ తీత్తారు." ఇంకో తీగ అందుకుని, "ఆడు మాటాడకపోడం మాత్రం బాధగానే ఉంది" అంది.

చలికాలంలో ఒక సాయంత్రం శీను కంపెనీ దుస్తుల్లోనే తిన్నగా మా ఇంటికి వచ్చాడు. సాయంత్రం కంపెనీ నుంచి వచ్చే బస్సులో డ్రైవరు ఈమధ్య ఒక సీడీ పెడుతున్నాడట. స్పీకరు రిపేరుకి పద్మ దగ్గరికి తెచ్చినప్పుడు, అది మోగుతుందో లేదో చూడ్డానికి ఆమె పెట్టిన రెండో సీడీ అట. డ్రైవరే అడిగి ఉంచేసుకున్నాడు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తరవాత ఒకరోజు పెట్టకపోతే వెనకసీట్లోంచి అడిగారు.

"పొద్దుట్నుంచి నిలబడి నిలబడి కాళ్ళు పీకేత్తాయి మామ్మా. ఆ బస్సులో గెంతే ఓపిక ఎవడికుంది? కళ్ళు మూసుకుని ఇంతారు. ఒకాయనైతే ఇది మా ఊరి పెనం సప్పుడులాగుందన్నాడు."

"నువ్వే వాయించేవని సెప్పలేదేటిరా?"

"సెప్తే పొగుడుతారు మామ్మా. సెప్పకపోతే ఇంతారు."

అని లేచి పక్కింట్లోకి వెళ్ళాడు. గోడకి చెవి పెట్టి వినే మనిషిని కాను. పెట్టకపోయినా వినిపించింది.

అంతా విన్నాక పద్మ అంది, "మూడో పాటలో నీ దెబ్బ ఎనకబడిపోయింది. ఇన్నావా?"

"రోజూ ఇంతన్నాను కదే. సంపేత్తంది."

"మరి కూకో. సరిసేద్దాం."

శీను ఆ ఉద్యోగం మానలేదు. ఆదివారాలు మాత్రం గోడ అవతల మళ్ళీ చప్పుడు మొదలైంది. పద్మ ఇప్పుడు ఈ ఊళ్ళో లేదు. విశాఖపట్నంలో నాటకాలవాళ్ళకి చప్పుళ్ళు తయారుచేసి పెడుతోందని విన్నాను. అక్కడ కూడా ఎవరినో ఒకరిని కూర్చోబెట్టి ఆఖరిదాకా వినిపిస్తూనే ఉంటుంది.

నా నోరు మంచిది కాదని పుట్టింటివారూ, అత్తింటివారూ ముక్తకంఠంతో చెప్పారు. నా మాటకి జడిసినవాళ్ళున్నారు, ఏడ్చినవాళ్ళున్నారు. నా మాట విని తన పనిని తనే చెరిపేసుకుని మళ్ళీ మొదలుపెట్టిన మనిషి మాత్రం ఒక్క పద్మే. అంత బరువు నా మాట మీద అంతకుముందు ఎవరూ పెట్టలేదు. అందుకని ఇప్పటికీ, కోడలు కొత్త కూర వండినా, మనవరాలు బొమ్మ గీసినా, "ఎలా ఉంది" అని అడిగితే నాకు కొంచెం భయం వేస్తుంది. చేతిలో పని పక్కన పెట్టి పూర్తిగా చూస్తాను, పూర్తిగా వింటాను. బాగోలేకపోతే బాగోలేదనే చెబుతాను. కాకపోతే ఆ మాట అనేముందు, ఎదుటి మనిషి దాన్ని నిజంగా నమ్మేస్తుందేమోనని ఒక్క క్షణం ఆగుతాను.