కారు అద్దం, బోరు మోటరు

గొర్రెల దొడ్డిలో లైటు కోసం కారు బ్యాటరీ విప్పి, మళ్లీ బిగించాను. అప్పటినుంచి అద్దానికి తిక్క పట్టింది. స్విచ్చి నొక్కితే పైదాకా వెళ్లి, దానంతటదే కిందికి దిగుతుంది. ఎందుకో అంతుపట్టలేదు. తెలుగులో తిట్టాను, కన్నడలో తిట్టాను, వినలేదు.

నా భార్య ఫోనులో వీడియో చూసి చెప్పింది: "బ్యాటరీ విప్పితే ఎక్కడ ఆగాలో అద్దం మర్చిపోతుందంట. మూసుకున్నాక గూడా స్విచ్చి వదలగూడదంట. కొంచేపు అట్లే పట్టుకోవాలంట."

నొక్కాను. అద్దం మూసుకోగానే నా వేలు దానంతటదే వెనక్కొచ్చింది. మళ్లీ నొక్కినా అంతే.

"ఏంది నీ కత?" అని కసిరింది.

తర్వాత గుర్తొచ్చింది. చిన్నప్పుడు బోరు స్టార్టరు బటను నొక్కి పట్టుకుంటే మోటరు కాలిపోతుందని మా నాయన వేలిమీద కొట్టేవాడు. ఆ బోరున్న చేలో ఇప్పుడు సోలారు పలకలున్నాయి. ఆ సంగతి ఈ వేలికి ఎవరు చెప్పాలి?