జిగురు ఆరేదాకా

లైబ్రరీ వెనక గదిలో చినిగిన పుస్తకాలు కుట్టే ఆవిడని పిల్లలు బైండింగ్ అత్త అనేవారు. అంతకుముందు ఆ పని ఆమె భర్తది. ఇరవై రెండేళ్ళు అదే బల్ల ముందు కూర్చుని కుట్టాడు. నిరుడు ఒక ఉదయం ఛాతీలో నొప్పని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి సాయంత్రానికి లేడు. నెల తిరక్కుండానే లైబ్రేరియన్ గారు కబురు పెట్టారు. "ఇన్నేళ్ళూ ఇంట్లో దారాలకి మైనం రాసిచ్చింది నువ్వేగా. నీకు రాని పనేం కాదమ్మా" అన్నారు. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడేట్టుండేవి. సరేనని వెళ్ళింది.

ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. చేతులకి మాత్రం పని తొందరగానే పట్టుబడింది. పుస్తకం విప్పడం, పాత దారం లాగెయ్యడం, మళ్ళీ కుట్టడం, వెన్నుకి జిగురు రాసి లోపల అస్తరు కాగితం అంటించడం, పైన బరువు పెట్టడం. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపితే జిగురు. కుంచె పిడి మీద ఆయన బొటనవేలు ఆనేచోట గుంట పడి ఉంది. ఆమె వేలు అందులో కుదురుగా కూర్చోదు.

మొదటి వారంలోనే ఆమెకొక సంగతి తెలిసింది. బరువు పెట్టాక పుస్తకం దానంతటదే ఆరుతుంది. పక్కన మనిషి కాపలా కూర్చోనక్కర్లేదు. మరి ఆయన ఏనాడూ మూడు దాటకుండా భోజనానికి వచ్చినవాడు కాదు. కూర చల్లారిపోయిందని సణిగితే "జిగురు ఆరొద్దటే" అనేవాడు. ఇన్నేళ్ళూ ఒంటిగంట నుంచి మూడింటిదాకా ఎక్కడుండేవాడు? ఎవరిని అడుగుతుంది? ఆ ముల్లు అలాగే మనసులో ఉండిపోయింది.

ఆమె గదికీ చదువుకునే హాలుకీ మధ్య చెక్క పలకల అడ్డు. అవతల బల్ల దగ్గర ముగ్గురు పిల్లలు రోజూ కూర్చునేవారు. పేర్లు అడగడానికి మొహమాటపడి ఆమే పేర్లు పెట్టుకుంది: పొడుగుపిల్ల, కళ్ళజోడు, గుసగుస. మొదటా చివరా ఆడపిల్లలు, నడిమివాడు మగపిల్లాడు. పదిహేను, పదహారేళ్ళ వాళ్ళు. అన్ని దేశాల పిల్లలూ ఒకే హాస్టల్లో ఉండి చదువుకునే బడులు విదేశాల్లో ఉన్నాయట. వాటిలో సీటు కోసం ముగ్గురూ దరఖాస్తులు పెట్టారు. చదువుతున్నంతసేపూ ఒకళ్ళకొకళ్ళు పుస్తకాలు చెప్పుకోవడమే.

"ఓడలో వంటవాడి పుస్తకం ఎందాకా వచ్చింది?"

"ముప్ఫై పేజీలు. ఇంకా ఒక్క ఉల్లిపాయ కూడా తరగలేదు వాడు."

"ఓపిక పట్టవే తల్లీ."

"పోయినసారి నువ్వు చెప్పిన పుస్తకం చదువుతూ నిద్రపోయి బల్లకేసి ముక్కు కొట్టుకున్నాను. ఇదిగో మచ్చ."

"అది మచ్చ కాదు, మొటిమ."

ఈ మాటలు వింటూ దారం ఎక్కిస్తుంటే ఆమెకి పొద్దు తెలిసేది కాదు.

అంతలో తనిఖీ వస్తోందని లైబ్రేరియన్ గారు హడావుడి పడ్డారు. ఇరవై పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టి, "శుభ్రంగా ఉండాలమ్మా, పిచ్చిరాతలు కనపడకూడదు" అన్నారు. చాలావాటి చివర తెల్లకాగితం మీద పెన్సిలుతో గీతలూ రాతలూ ఉన్నాయి. అవేమిటో చూడకుండానే అన్నీ తీసేసి కొత్త కాగితాలు వేసింది. తీసినవి పారెయ్యబుద్ధి కాలేదు. మందపాటి మంచి కాగితం. మూడు మడతలు పెట్టి, ఆ పుస్తకాల వెన్నులకే అస్తరుగా వేసేసింది.

మూడోరోజు పొద్దున్నే పొడుగుపిల్ల ఓడ వంటవాడి పుస్తకం పట్టుకుని వెనక గదిలోకి వచ్చింది. వెనకాలే మిగతా ఇద్దరూ.

"అత్తా, దీని చివరి పేజీ ఏది?"

"పిచ్చిరాతలున్నాయని తీసేశానమ్మా. కొత్తది వేశాను, చూడు ఎంత తెల్లగా ఉందో."

పిల్ల అక్కడే నేల మీద కూలబడింది. కళ్ళజోడు కుర్రాడే చెప్పాడు. దరఖాస్తులో, మీరూ మీ స్నేహితులూ పుస్తకాల గురించి ఎలా మాట్లాడుకుంటారని అడిగారట. చదివిన పుస్తకం చివరి పేజీలో తర్వాత చదివేవాళ్ళ కోసం రాసిపెడతామని ఈ పిల్ల రాసింది. ఓడ వంటవాడి పుస్తకం పేరే ఉదాహరణగా ఇచ్చింది. ఆ పేజీ తెచ్చి చూపించమన్నారు. రేపు పొద్దున ఇంటర్వ్యూ.

"ఇప్పుడు ఉత్త చేతులతో వెళ్తే అబద్ధం రాశాననుకుంటారు" అంది పిల్ల.

"అయినా లైబ్రరీ పుస్తకాల మీద రాయొచ్చా? మీకు బుద్ధుండొద్దూ?"

"రాసుకోమన్నది మామయ్యే అత్తా" అంది గుసగుస. "కుట్టినప్పుడల్లా చివర మా కోసం ఒక కాగితం ఎక్కువ పెట్టేవారు."

ఆమె కుంచె కింద పెట్టింది. "మామయ్యా?"

ఇరవై పుస్తకాలూ వెనక్కి తెప్పించింది. మొదట తీసిన కాగితం దొంతరలో అడుగుకి పోతుంది. వాడేటప్పుడు పైనుంచి తీస్తుంది. ఓడ పుస్తకం విప్పినవాటిలో రెండోది. అంటే దాని కాగితం, అస్తరు వేసినవాటిలో చివరనుంచి రెండో పుస్తకం వెన్నులో ఉండాలి. అట్ట ఊడదీసి, వెన్నుకి తడిగుడ్డ చుట్టింది. మైదా జిగురు కనక నానితే వదులుతుంది. పెన్సిలు రాత నీళ్ళకి పోదు. తీసి చూస్తే ఏదో గుర్రం కథ గురించిన పేజీ.

"అయిపోయింది" అంది పొడుగుపిల్ల.

"ఉండవే. ఏదో లావు పుస్తకానికి రెండు వాడాను." నిఘంటువు! దానికి ఒకటి ఎక్కువ పట్టింది కనక అన్నీ ఒక స్థానం ముందుకి జరిగాయి. ఇందాక విప్పినదానికి ముందు అస్తరు వేసిన పుస్తకం విప్పింది. వేలికొసలతో మడత మెల్లిగా తెరిచింది. ఒక మూల చిరిగింది గాని పేజీ పేజీగానే వచ్చింది.

"ఇదే! ఇదే అత్తా!"

పై వరస చూసి ఆమె కాగితం దగ్గరికి లాక్కుంది. చదవక ముందే పోల్చుకుంది. సరుకుల చీటీలో కూడా ఆయన 'మ'లు ఇలాగే పక్కకి ఒరిగి ఉండేవి. కూడబలుక్కుంటూ పైకే చదివింది. "మొదటి నలభై పేజీలు వంటవాడు ఏమీ వండడు. ఓపిక పట్టండి. తర్వాత కడుపు నిండిపోతుంది. జిగురు ఆరేలోపు పూర్తి చేశాను." కింద పిల్లల రాతలు. "నలభై కాదు మామయ్యా, నలభై రెండు." "నాకు చివర్లో ఏడుపొచ్చింది." "నీకెప్పుడు రాలేదు గనక?"

"ఇక్కడే కూర్చుని చదివేవాడా?"

"రోజూ" అన్నాడు కళ్ళజోడు. "మీరు తిడతారని ఒంటిగంటకే లేవబోయేవారు. ఇంకొక్క పేజీ, ఇంకొక్క పేజీ అనుకుంటూ మూడు చేసేవారు."

ఆమె కాసేపు కాగితం వదల్లేదు. పొడుగుపిల్ల చూసింది. "నువ్వుంచుకో అత్తా. నేను ఫొటో తీసుకెళ్తాను."

"వాళ్ళు పేజీ తెమ్మన్నారా, ఫొటోనా?"

"పేజీ."

"మరి?"

కాగితాన్ని రెండు పొడి అట్టల మధ్య పెట్టి ఆరబెట్టింది. తను వేసిన కొత్త కాగితం కత్తిరించి, ఆ చోటే పాతదాన్ని కుట్టింది. సాయంత్రం పుస్తకం పిల్ల చేతిలో పెడుతూ, "సీటొచ్చిందని దేశం దాటించేవు. తిరిగి తేకపోతే జరిమానా" అంది.

సీటు పొడుగుపిల్లకి వచ్చింది. మిగతా ఇద్దరికీ రాలేదు. మళ్ళీ ఏడాది చూస్తామని రోజూ వస్తున్నారు. ఇంటర్వ్యూలో ఆ పై వరస రాసిందెవరని అడిగారట. మా మామయ్య అని చెప్పిందట. పుస్తకం గడువుకి రెండురోజుల ముందే తెచ్చిచ్చింది.

మిగిలిన పుస్తకాల్లోని కాగితాలు కూడా అత్త ఒక్కొక్కటే నానబెట్టి వెనక్కి కుట్టింది. తనిఖీకి వచ్చినాయన ఒక్క చివరి పేజీ కూడా తిప్పలేదు. ఆమె మాత్రం ఓడ వంటవాడి పుస్తకం మొదలుపెట్టింది. రోజుకి నాలుగు పేజీలు. ముప్ఫై ఒకటో పేజీలో ఉండగా లైబ్రేరియన్ గారు తొంగిచూశారు.

"రెండున్నరయింది, భోజనానికి వెళ్ళలేదేమ్మా?"

"జిగురు ఆరొద్దూ సార్" అంది, తలెత్తకుండానే.