మాడిన గుండిగ

దర్శిలో మా ఆడపిల్లల హాస్టల్లో గిన్నెలు తోమే ఆయమ్మ, మాడు పట్టిన గుండిగలతో గొడవపడేది. చింతపండూ బూడిదా వేసి, కొబ్బరిపీచుతో రుద్దుతూ "దిగుతావా, దిగవా?" అని పళ్లు కొరికేది.

ఒకరోజు మాడిన పప్పు తిననన్నానని వార్డెన్ మేడమ్ ఆ పప్పు వండిన గుండిగను నాచేతే తోమించింది. గోళ్ల దగ్గర చిట్లి నెత్తురొచ్చింది. ఆయమ్మ నా చేతులు కడిగింది. సగం తోమిన గుండిగను మాత్రం గోనెసంచిలో చుట్టి కట్టెల వెనక దాచింది.

ఆ వారంలోనే తనిఖీకి ఆఫీసరు వచ్చాడు. మేడమ్ మెరిసే గిన్నెలు చూపిస్తుంటే, ఆయమ్మ ఆ గుండిగను తెచ్చి ఆయన ముందు దించింది. నన్ను పిలిచి చేతులు చాపమంది.

"పిల్లలకి పెట్టేది ఈ మాడేనండి. తిననందని దీనిచేత తోమించింది. ఈ వేళ్లు చూడండి."

"ఏందే, నీకు పనొద్దా?" మేడమ్ అరిచింది.

"వద్దమ్మా. నువ్వు పోతే చాలు."

నెల తిరక్కుండానే మేడమ్‌ను పంపేశారు. కొత్తగా వచ్చిన వార్డెన్, రేపు తన మీదా చెబుతుందని, మొట్టమొదట ఆయమ్మనే పనిలోంచి మాన్పించింది. గేటు దగ్గర నేను ఏడిస్తే ఆయమ్మ నవ్వింది.

"మిరపకాయలు కోసుకుని బతుకుతాలేవే. అది పెట్టె సర్దుకుని పోతుంటే ఈ కళ్లతో చూశాను. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టుకుని తిన్నాను."